విమల విడదీసిన సంఖ్య

2015లో నన్ను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భద్రతా విభాగంలో సీనియర్ రివ్యూయర్‌గా వేశారు. అదే హోదాలో విమల కూడా ఉండేది. ఆమెది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. మా పైన ప్రిన్సిపల్ రివ్యూయర్ పోస్టు ఒక్కటే ఖాళీ. అది నాకే రావాలని చేరిన రోజే నిర్ణయించుకున్నాను.

ఆఫీసు తలుపులు తెరిచే కార్డుల వెనక ఉండే సంఖ్యలను పరీక్షించడం మా పని. కార్డు అసలుదో నకిలీదో తేల్చేది ఆరువందలకు పైగా అంకెలున్న ఒక సంఖ్య. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణిస్తే అది వస్తుంది. లబ్ధం ఎవరికి తెలిసినా ఫరవాలేదు. ఆ రెండూ బయటపడితే మాత్రం ఎవరైనా దొంగ కార్డు చేసుకోవచ్చు.

ఒక కస్టమర్ సంఖ్య విడుదలకు ముందు మా ఇద్దరి దగ్గరికీ వచ్చింది. పద్ధతి ప్రకారం రివ్యూయర్‌కు లబ్ధం ఒక్కటే ఇస్తారు, బయటి దొంగకు తెలిసేదీ అంతే కనుక. నేను చిన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను. ఏదీ నిశ్శేషంగా పోలేదు. ఇంకా పెద్దవాటితో భాగించడానికి మేనేజర్‌ను బతిమాలి పెద్ద సర్వర్ సంపాదించి మురిసిపోయాను. విమల క్యాంటీన్‌లో తీరిగ్గా పెరుగన్నం తింటోంది. అది చూసినా నాకు ఒళ్లు మండింది.

తిరిగొచ్చి కాసేపు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, నా దగ్గరికి వచ్చింది.

"సర్వర్ నిలిపేయప్పా. రెండిండ్లూ ఒకే గోడకి ఆనుకొని ఉండాయి. ఇంక ఊరంతా వెతికేదేముండాది?"

ఆమె చేసింది ఇంతే. 3599 తీసుకోండి. దాని వర్గమూలం అరవైకి కాస్త తక్కువ. అరవై వర్గం 3600, తేడా ఒకటి. ఒకటి కూడా వర్గమే. కనుక అరవైలోంచి ఒకటి తీస్తే 59, కలిపితే 61. ఆ రెండిటి లబ్ధమే 3599. కారణాంకాలు బాగా దగ్గరగా ఉంటే ఎంత పెద్ద సంఖ్యయినా ఇలాగే విడిపోతుంది. సంఖ్యను తయారుచేసిన ప్రోగ్రాము, మొదటి ప్రధాన సంఖ్య దొరకగానే దాని తర్వాతిదాన్నే రెండోదిగా తీసుకుంది. రెండూ ప్రధానమేనా అని అక్కడ అందరూ చూశారు గానీ మధ్య దూరం ఎవరూ చూడలేదు. నేనైతే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

విడుదల ఆగింది. పోస్టు విమలకు వచ్చింది. నేను కుళ్లిపోయాను, దాచుకోను. కొత్త సంఖ్యల తయారీ ఆమె చేతికే వెళ్లింది, రివ్యూకు నా దగ్గరికి పంపేది. తప్పు దొరకాలని కోరుకుంటూ, చెక్‌లిస్టులో లేని పరీక్షలు కూడా పెట్టేవాణ్ని. ఒకసారి నిజంగానే ఒక సంఖ్య విడిపోయింది. ఆ మధ్యాహ్నం భోజనం భలే రుచించింది. ఆమె మాత్రం వేరే సంఖ్య తయారుచేసి, మళ్లీ నాకే పంపింది.

విభాగంలో ఇంతమంది ఉండగా అన్నీ నాకే ఎందుకని చివరికి అడిగాను.

"నా తప్పు పట్టాలని నీకుండేంత ఆశ ఇంకెవరికుండాదప్పా?" అంది.

మెచ్చుకునేవాడు పైపైన చూసి సంతకం పెడతాడు. పరీక్షకైతే అసూయపడేవాణ్ని కూర్చోబెట్టాలి. ఆ సంగతి కూడా నాకంటే ముందు ఆమెకే తెలిసింది.