నలభై దాటని బండి

పోయిన నెల జయపురంలో కొత్త కారు తీసుకుని, మొదటిసారి కొరాపుట్ ఘాటీ రోడ్డు ఎక్కించి, పైన టీ దుకాణం దగ్గర దిగేసరికి బానెట్ సందుల్లోంచి వేడి ఇనుము మీద కొత్త నూనె కాగుతున్న వాసన వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ళయింది ఆ వాసన పీల్చి. తాళాలు ఇచ్చిన కుర్రాడు, ఇప్పటి ఇంజిన్లకి రన్నింగు అక్కర్లేదు మేడం, ఇవాళ్టినుంచే తొక్కేయండి అన్నాడు. మా నాన్న ఎదురుగా ఉంటే ఆ మాట వాడి గొంతు దాటేది కాదు.

నాన్న సునాబెడలో, ఇంజిన్ల ఫ్యాక్టరీలో టెక్నీషియను. ఆయన అన్నగారు, అంటే మా పెదనాన్న, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునేవాడు. ఒక ఏడు పంట బాగా పండిందని రైసుమిల్లు షావుకారు దగ్గర ఒక గుండ్రటి పాత తెల్లకారు కొని, అది నీలిపొగ కక్కుతూ పెట్రోలు కంటే నూనె ఎక్కువ తాగుతోందని తమ్ముడి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నాన్న డ్యూటీ దిగి వచ్చి, క్వార్టర్ వెనక రేకుల పందిరి కింద ఇంజిన్ దించి, జయపురం లేతు షాపులో సిలిండర్లకి బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, వానలన్నీ దాని మీదే గడిపి, సరిగ్గా విశ్వకర్మ పూజ నాడు స్టార్టు చేశాడు. టౌన్‌షిప్ అంతా మైకులు, బూందీ పొట్లాలు, రంగుకాగితాల తోరణాలు. మా పెరట్లో మాత్రం ఆ వాసన.

ఇక రన్నింగు మొదలైంది. వెయ్యి కిలోమీటర్ల దాకా బండి నలభై దాటకూడదు. అలాగని ఒకే వేగంలో ఈడ్వకూడదు, కాసేపు ముప్పై, కాసేపు నలభై, ఎత్తు మీద గట్టిగా తొక్కకూడదు. కొత్త రింగులూ కొత్త బోరూ మెల్లగా ఒరుసుకుని ఒకదానికొకటి అలవాటు పడాలి. కొత్త కోడలి మీద వచ్చీ రాగానే బరువు పెట్టకూడదు కదా అని నాన్న చెబుతుంటే, అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "నానొచ్చిన మూడో నాడే ఇరవైమందికి వండేను. నాకెవలు రన్నింగిచ్చేరు?" అంది. నాన్న ఆ పోలిక మళ్ళీ ఎత్తలేదు.

వెయ్యి పూర్తికాగానే బండి గుణుపూర్ వెళ్ళాలి. బండితో పాటు నాయనమ్మ కూడా వెళ్ళాలి. కంటి ఆపరేషన్‌కని వచ్చి రెండేళ్ళుగా మా దగ్గరే ఉండిపోయింది. పెద్దకొడుకు ఉండగా తల్లి చిన్నకొడుకు ఇంట్లో ఎన్నాళ్ళుంటుందని ఊళ్ళో నలుగురూ అంటున్నారట. బండి తెచ్చేటప్పుడు నాయనమ్మని అందులోనే తీసుకురమ్మని పెదనాన్న ఉత్తరం రాశాడు. మా వాళ్ళలో అన్న మాటకి తమ్ముడు ఎదురు చెప్పడం లేదు. నాయనమ్మ పక్కలో, ఆమె పాత చీరల బొంత కింద తప్ప నిద్రపట్టని నాకు వెయ్యి అనే అంకె వింటేనే దిగులు.

అయినా ఆ ఆదివారాల వంటి ఆదివారాలు మళ్ళీ రాలేదు. మంచు విడవకముందే బయల్దేరి, కిటికీలన్నీ దించుకుని, సైకిళ్ళవాళ్ళు కూడా మమ్మల్ని దాటి వెనక్కి తిరిగి నవ్వుతుంటే, కొండల కింద పసుపు ఆరబోసినట్టు పూసిన వలిసె చేలమధ్య నందపూర్ సంత దాకా వెళ్ళేవాళ్ళం. సంతలో నాయనమ్మ వచ్చీరాని దేశియా భాషలో బేరమాడి మట్టివాసన పోని అల్లం, చిన్న చిన్న ఉల్లిపాయలు కొంగులో పోయించుకునేది. నాగులచవితికి దారి పక్కన పుట్ట చూసుకుని బండి ఆపించి, పాలు పోసి, అరిటాకులో నువ్వుల చిమ్మిలి పెట్టి, ఆ వేళ్ళతోనే బానెట్‌కి ఇంత పసుపు రాసింది. అమ్మ తెచ్చిన పులిహోర బండి వేడికి ఇంకాస్త ఊరేది. బండి వేగం పెరిగితే తప్ప గాలి రాదని నేను గొణిగితే, నాన్న చెవి ఇంజిన్ వైపు వంచి నన్ను ఊరుకోమనేవాడు.

దారిపొడవునా నాయనమ్మకి ఒకటే పని. ఒళ్ళో బిస్కట్ల డబ్బా, అందులో చింతపిక్కలు. కిలోమీటరుకొక మైలురాయి, అది కనబడినప్పుడల్లా ఒక పిక్క పక్కకి తీసేది. ఇరవై కాగానే పాత చీరపేలికలో మూటకట్టి డబ్బాలో వేసేది. ఎందుకని అడిగితే, కడుపులో తిప్పకుండా అంది. రాళ్ళమీది ఒడియా అంకెలు నేను చదవగలను గానీ ఆమెకి ఏ అంకెలూ రావు. ఇరవైల్లో లెక్కపెట్టడం మాత్రం వచ్చు.

ఏడువందల నలభై దగ్గర మీటరు ఆగిపోయింది. వేగం చూపించే ముల్లు కూడా సున్నా మీద పడుకుంది. నాన్న బానెట్ ఎత్తి చూసి, మీటరు తీగ తెగింది, కొత్తది విశాఖపట్నం నుంచి రావాలన్నాడు. నలభైకి తన చెవి చాలన్నాడు. మరి వెయ్యి అయిందని ఎలా తెలుస్తుందంటే, అందాజుగా వెయ్యి అనకూడదు, తీగ వచ్చేదాకా రన్నింగులో ఉన్నట్టే లెక్క అన్నాడు. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి కదా, అందరం నమ్మాం. నేనైతే ఆ తీగ ఎప్పటికీ రాకూడదని విశ్వకర్మ బొమ్మకి మొక్కుకున్నాను. ఆదివారాలు గడిచాయి. గుణుపూర్ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. వరికోతలు కూడా అయిపోయాయి.

ఆ ఆదివారం సంత నుంచి తిరిగొస్తూ ఒక కల్వర్టు దగ్గర ఆగాం. నాన్న రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నాడు. నాయనమ్మ బండి దిగి ఆయన పక్కన నిలబడింది.

"సిన్నోడా, వెయ్యి ఎప్పుడో అయిపోనాది. ఆ తీగ తెగనేదు, నీ పెట్టిలో గుడ్డలో సుట్టున్నాది, నాను సూసేను. తగిలించీ నాయనా. అన్నకి మాటొస్తాది."

నాన్న చేతిలో నీళ్ళడబ్బా వంచినట్టే ఉంది, నీళ్ళు పొంగి రోడ్డు మీదికి పారుతున్నాయి. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. రేడియేటర్ మూత బిగించి, "అలాగేనమ్మా" అన్నాడు.

తర్వాతి వారమే గుణుపూర్ ప్రయాణం. రాయగడ దాటాక రోడ్డు చదును. రన్నింగు అయిపోయింది కదా నాన్నా అన్నాను. "అలవాటైపోయిందమ్మి" అన్నాడు, ముల్లు నలభై దాటలేదు. నాయనమ్మ ఆరోజు డబ్బా మూత తియ్యలేదు. రాళ్ళు వస్తున్నాయని చూపించాను, ఈ దారికి లెక్కొద్దు అంది. పెదనాన్న గుమ్మంలో దిగుతూ డబ్బా నా చేతిలో పెట్టింది. మేం బస్సులో వెనక్కి వచ్చాం. ఆ చలికాలమంతా నాకు సరిగా నిద్రపట్టలేదు. తర్వాత సెలవులకి వెళ్ళి చూసేవాళ్ళం గానీ, చూసి రావడం వేరు, ఒక బొంత కింద పడుకోవడం వేరు.

ఇప్పుడు నాయనమ్మా లేదు, నాన్నా లేడు. ఘాటీ రోడ్డు వెడల్పు చేశారు, మైలురాళ్ళ చోట ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి, రన్నింగు అనే మాటే పోయింది. నేను మాత్రం కొత్త కారుని నలభైలోనే నడిపాను. వెనక లారీలు హారన్లు కొడుతూ దాటిపోయాయి. ఇంటికొచ్చి బిస్కట్ల డబ్బా తెరిచి లెక్కపెట్టాను. అరవై మూడు మూటలు. మూటకి ఇరవై లెక్కన వెయ్యికి యాభై చాలు. మిగిలిన పదమూడూ నాన్న మీటరు ఆపి దొంగిలించినవి, నాయనమ్మ తెలిసీ ఊరుకున్నవి. వాటి ముడులు నేను విప్పలేదు.