గింజ పగలని పాట

రండమ్మా, రండి నాయనా, గడపలోనే నిలబడకుండా ఇట్లా చాప మీదికి జరిగి కూర్చోండి. చేతులు ఊరికే ఉంచుకోవడం ఇష్టం లేకపోతే ఈ కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసుకోండి, ఒలుస్తూ వినొచ్చు. నేను చెప్పబోయే మనిషిని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే నేనింత ఆత్రపడాల్సిన పనే లేదు.

నిన్న మధ్యాహ్నం విత్తనం కాయలు ఒలుస్తున్నాను. మొదటి వాన పడేలోపల ఈ పని అయిపోవాలి. ఎండిన వేరుశనగ కాయ బొటనవేలి కింద టప్పున విచ్చుకునే చప్పుడు, వెంటనే ముక్కుకు తగిలే మట్టి వాసన, ఇవి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నవే. కానీ నిన్న ఆ చప్పుడులోకి ఒక గిటారు తీగ మోత వచ్చి కలిసింది. మా కోడలు సుజాత ఫోనులో ఏదో పెట్టుకుని బియ్యం ఏరుతోంది. రెండో తీగ మోగకముందే నా చెయ్యి ఆగిపోయింది. "ఒసే సుజాతా, అది మా బాషా అన్న!" అని అరిచాను. పాపం, ఆ పిల్ల చేట కింద పడేసుకుంది.

బాషా అన్న ఎవరో చెబుతాను. నా పెళ్లయిన కొత్తలో పామిడిలో ఒక విత్తనాల కొట్టంలో ఆడవాళ్లం చాలామందిమి కాయలు ఒలిచేవాళ్లం. విత్తనానికి మిషను పనికిరాదు. మిషనులో వేస్తే గింజ బద్దలవుతుంది, లేదంటే పైన ఎర్ర పొర చిరుగుతుంది. పొర చిరిగిన గింజ మొలకెత్తదు. అందుకే చేత్తో, బొటనవేలితో నొక్కి, గింజకు తెలియకుండా తీయాలి. ఆ కొట్టానికీ బాషా అన్న ఇంటికీ నడుమ ఒక మొండిగోడే అడ్డం. ఆయన బెంగుళూరు హోటళ్లలో ఏళ్లకేళ్లు గిటారు వాయించిన మనిషి. హోటళ్లవాళ్లు మనుషుల్ని మాన్పించి పెట్టెల్లో పాటలు పెట్టుకున్నాక, భార్య నూర్జా పుట్టిన ఊరని పామిడికి వచ్చేశాడు. పెళ్లిళ్లకు వాయించేవాడు. పెళ్లిళ్లు లేని మధ్యాహ్నాలు గోడవారన కుర్చీ వేసుకుని తన కోసం వాయించుకునేవాడు. అందరూ గీకినట్టు బిళ్లతో గీకేవాడు కాదు, బొటనవేలితో మీటేవాడు. మా వేళ్లకున్నట్టే ఆయన వేలికీ కాయ కాసి ఉండేది.

ఆయన వాయించేదాన్ని జాజ్ అంటారట. మాలో పెద్దది కొండమ్మక్క ఒకరోజు అడిగేసింది. "ఏమప్పా బాషా, తెలిసిన పాట మాదిరే మొదలుపెడ్తావు, మళ్ల యాడికో పోతావు. ఏంది కథ?"

"ఏం లేదక్కా. పాటను ఇంట్లోనుంచి పిల్చుకపోతాం. సందుసందూ తిప్పుతాం. పొద్దుగూకేలోపల మళ్లా ఇంటికి తెచ్చి ఇడుస్తాం."

"అయితే మా మేకల పనే కదప్పా!"

"అదే అక్కా. మేక తప్పిపోకూడదు, అంతే."

మేమంతా నవ్వాం. కానీ ఆ రోజు నుంచి నేను మేకను కనిపెట్టుకుని ఉన్నట్టు పాటను కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఎంత దూరం పోయినా ఆయన పాటలో గంట చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఒక మధ్యాహ్నం పాట అయిపోగానే నాకు తెలియకుండానే నా నోట వచ్చేసింది. "బాగుండాదన్నా."

ఆయన గిటారు ఒళ్లో పడుకోబెట్టి గోడ మీదుగా చూశాడు. "యాడ?"

"ఏంది యాడ?"

"యాడ బాగుండాది, లచ్చుమ్మా? బాగుండాదని అందురూ అంటారు. యాడో చెప్పు."

నేను బిత్తరపోయాను. అప్పటిదాకా నన్ను ఎవరైనా ఏమైనా అడిగారంటే వంటయిందా, కాయలయినాయా అనే. నాకేం తోచిందని అడిగిన మనిషి లేడు. పక్కనున్నవాళ్లు మూతులు బిగబట్టి నవ్వుతున్నారు. నేను తల వంచుకుని, పాటను మళ్లీ మనసులో మొదటి నుంచీ నడిపించుకుని చెప్పాను. "కడాకు వచ్చినాక రొంత సేపు నిలబెట్టినావు కదన్నా. ఇల్లు కనపడతాండాది, కానీ లోపలికి పోలా. ఆడ. నాకు ఊపిరాడలే."

బాషా అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నూర్జా! ఓ నూర్జా! బయటికి రా. ఇన్నాళ్లకు ఒకరు యాడో చెప్పినారు!"

నూర్జా వదిన పిండి చేతులతో వచ్చింది. "ఏమ్మే లచ్చుమ్మా, ఏం చెప్పినావే? పెండ్లి రోజు గూడా ఈయప్ప మొగం ఇంత ఎలగలేదు."

ఆ రోజు మొదలు ఆయన నన్ను వదల్లేదు. ఏది వాయించినా "యాడ?" అనేవాడు. బాగాలేకపోయినా అదే ప్రశ్న. ఊరికే పొగిడితే ఒప్పుకునేవాడు కాదు. నేను వినడం నేర్చుకున్నది అట్లా.

తర్వాతి ఎండాకాలం బెంగుళూరు నుంచి పిలుపొచ్చింది. పాత పరిచయమున్న రికార్డింగు ఆయన ఒకరు బాషా అన్న పాటలతో క్యాసెట్టు వేస్తానన్నాడు. మంచి మనిషే. అన్న పోయి వాయించి వచ్చాడు. కానీ మొదటి పాట దగ్గర ముడి పడింది. ఒకే పాటను రెండు విధాలుగా వాయించాడు. ఒకటి జోరుగా, వేళ్లు కనిపించనంత జోరుగా. ఇంకొకటి నెమ్మదిగా. రికార్డింగు ఆయన జోరుదాన్నే ముందు పెడదామన్నాడు. అది అమ్ముడుపోతే ఇంకో క్యాసెట్టు వేస్తామని, నెమ్మదిది ముందు పెడితే అంగళ్లవాళ్లు తీసుకోరని చెప్పాడు. సాయంత్రంలోగా ఫోను చేసి ఏదో ఒకటి చెప్పమన్నాడు. అంటే అన్నకు మళ్లీ రికార్డింగు దొరకడమూ దొరక్కపోవడమూ ఆ మాట మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం టేపురికార్డరు తెచ్చి మొండిగోడ మీద పెట్టాడు. "పని ఆపొద్దండి. ఒలుస్తా ఇనండి," అన్నాడు.

ముందు జోరుది పెట్టాడు. అబ్బ, ఏం చెప్పను! వడగళ్లు రేకుల మీద పడ్డట్టు. మా చేతులు కూడా దానితో పరుగెత్తాయి. అయిపోగానే అందరూ చప్పట్లు. కొండమ్మక్కయితే చెంగు నడుముకు దోపింది. "ఏమప్పా, అవి వేళ్లా, మిషనా?"

తర్వాత నెమ్మదిది పెట్టాడు. చేతులు నిదానించి పోతూనే ఉన్నాయి. కాయల చప్పుడే దానికి తాళమైంది. చివర ఆ ఆగేచోట మా చేతులన్నీ ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలాయి. అయిపోయాక చప్పట్లు లేవు. కొండమ్మక్క ముక్కు చీదింది.

"చూసినావా? చప్పట్లు దేనికొచ్చినాయో?" అంది నూర్జా వదిన. "జోరుదే పెట్టుమని చెప్పు. మళ్లా పిలిచేది గూడా చూసుకోవల్ల."

ఆమె మాటలో తప్పు లేదు. బాషా అన్న నా వైపు తిరిగాడు. "లచ్చుమ్మా?"

నేను చేటలోకి చూశాను. జోరు పాటకు ఒలిచిన గింజలు ఒక పక్కన, నెమ్మది పాటకు ఒలిచినవి ఇంకో పక్కన పడి ఉన్నాయి. జోరు పక్కంతా బద్దలు, చిరిగిన పొరలు. రెండో పక్క గింజలు ఎర్రగా, నున్నగా, ఒక్కటీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చేటనే గోడ మీదికి ఎత్తి చూపించాను. పక్కవాళ్లూ తమ చేటలు చూసుకున్నారు. అందరివీ అంతే.

"జోరుది బాగలేదని కాదన్నా," అన్నాను. "కడాన పైనుంచి దిగొస్తావే, ఆడ బలే ఉండాది. కానీ దాంట్లో నువ్వు కనపడినావు, పాట కనపడలా. రెండోదాంట్లో గింజ పగలకుండా ఒలిచినావు."

"శెనక్కాయలను అడిగి క్యాసెట్టు ఏస్తాడంట!" అని నూర్జా వదిన నెత్తి కొట్టుకుంది. కానీ తనూ చేటలోకి వంగి చూసింది. ఒక నున్నటి గింజ తీసి చాలాసేపు చేతిలో తిప్పింది. "సరే పో. నీకేది మనసైతే అదే చెప్పు. తర్వాత మాత్రం నా దగ్గర ఏడవకూడదు," అంది.

ఆయన ఎస్టీడీ బూతుకు పోయి ఫోను చేశాడు. "నెమ్మదిదే ముందు. జోరుది వొద్దేవొద్దు," అని చెప్పి వచ్చాడు. బెంగుళూరాయన చెప్పినట్టే జరిగింది. అంగళ్లవాళ్లు పెద్దగా తీసుకోలేదు. ఇంకో క్యాసెట్టు పడలేదు. నాకు గుండెలో ముల్లు దిగినట్టుండేది. ఒకసారి ఆగలేక అడిగేశాను. "బాధగా ఉండాదా అన్నా?"

"ఉండాది మే. ఎందుకు లేదూ?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "కానీ అది బుట్టలో ఏసి అమ్మేది కాదు, విత్తనం. పగలకుండా ఉండాది కదా. వానొచ్చినప్పుడు చూసుకుందాంలే."

ఆయన పోయి ఏళ్లయింది. నూర్జా వదిన కూడా లేదు. అన్న మాకిచ్చిన క్యాసెట్టు అరిగిపోయాక ఆ పాటలు నా చెవుల్లో తప్ప ఎక్కడా లేవనుకున్నాను. నిన్న సుజాత చెప్పింది. ఎవరో ఆ క్యాసెట్టును దాచుకుని, ఇప్పుడు ఫోనుల్లోకి ఎక్కించారట. ఏయే దేశాలవాళ్లో వింటున్నారట!

మొత్తం పెట్టించుకున్నాను. మొదటి పాటకు ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. ఎవరూ దాన్ని కోసేయలేదు, చాలా సంతోషం. రెండో పాట బావిలోకి చేంతాడు వదిలినట్టు దిగుతుంది. నీళ్లు తగిలాక గుంజకుండా, బిందె నిండనిస్తాడు. మూడోదాంట్లో ఒకే మాటను తీగ మీద రెండుసార్లు అంటాడు. మొదటిసారి మనకు చెప్పినట్టు, రెండోసారి తనకు తాను చెప్పుకున్నట్టు. పది తీగలు మీటగలిగిన చోట ఒక్కటే మీటి, అది పూర్తిగా చల్లారేదాకా రెండోదాన్ని ముట్టుకోడు. అన్నం వడ్డించేవాళ్లలో కొందరుంటారు చూడండి, విస్తరిలో ఖాళీ ఎక్కడ ఉంచాలో తెలిసినవాళ్లు. అట్లాంటి చెయ్యి.

ఫోనులో ఆ పాటల కింద జనం రాసిన మాటలు సుజాత చదివి తెలుగులో చెబుతోంది. "సూపర్ అంట అత్తా. అద్భుతం అంట. పేరు తెలియని రాజు అంట."

"యాడ అంట?" అన్నాను.

"ఏంది యాడ?"

"యాడ బాగుండాదో రాసినారా ఒకరన్నా? చూడు, బాగ చూడు."

ఆ పిల్ల వేలితో తోసుకుంటూ తోసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. ఎక్కడో చలిదేశంలో ఉండే ఆమె రాసిందట. 'మొదటి పాట చివర, ఇంటి గుమ్మం దాకా వచ్చి ఈయన ఒక్క క్షణం లోపలికి పోకుండా నిలబడతాడు. రోజూ ఆ క్షణం కోసమే మళ్లీ మొదటి నుంచి వింటాను.'

నేను లేచి నిలబడ్డాను. ఒళ్లోని గింజలన్నీ నేల మీదికి దొర్లిపోయాయి. దొర్లనీ! "మొలిచింది! అన్నా, మొలిచిందన్నా!" అని గోడ వైపు తిరిగి కేకేశాను. అక్కడ గోడ మాత్రమే ఉందని నాకూ తెలుసు.

అందుకే నాయనా, మా ఇంట్లో ఎవరైనా కూర బాగుందంటే ఎక్కడ బాగుందని అడుగుతాను, విసుక్కోకండి. అది నా మాట కాదు, ఆయన పెట్టిన మాట. వాన మీ చేను దారి తప్పకుండా రావాలి. మీరు నాటిన గింజ ఆలస్యమైనా మొలవాలి. మీ ఇంట్లో ఎవరి చెయ్యి మంచి పని చేసినా, అది ఎక్కడ బాగుందో చూసి చెప్పే నోరొకటి ఆ గోడకు అవతలో ఇవతలో చల్లగా ఉండాలి.