పెన్నేరుగడ్డ పథ్యం

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, ఆమదాలవలస స్టేషన్‌లో బండి ఆలస్యమైతే అన్నం డబ్బా విప్పాను. పక్కన ఓ పెద్దాయన చప్పటి మజ్జిగన్నం తింటున్నాడు. ఆవకాయ వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉప్పు తినను బాబూ. పథ్యం."

"ఏం జబ్బు?"

"నాకేటీ లేదు. ఇది నా కొడుకు పథ్యం. తాలింఖానాలో కుస్తీ పట్టేవోడు. పోటీకి బరువు తగ్గాలని తిండి తగ్గించేసినాడు. ధాతుబలం పోతాదని నేనే పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ, లేహ్యం సేసి పెట్టి, దాని పథ్యమని ఉప్పు మానిపించినాను. సెమటోడ్చి సాధన సేస్తా గోదాలో కూలిపోనాడు, మరి లేవలేదు. ఒంట్లో ఉప్పు సాలకే పోనాడన్నాడు డాట్రు. ఆ పొద్దున ఆవకాయ బద్ద అడిగినాడు. జాడీ దాసేసినాను."

ఆయన మళ్లీ ముద్ద కలుపుకున్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలు ఆవకాయ అడిగితే, ఇంకో బద్ద వెయ్యమంటాను.