అమ్మ పెదవి పేలిన రోజు

నేను దేని మీద పరిశోధన చేస్తున్నానో మా వాళ్ళకు ఎప్పుడూ సూటిగా చెప్పలేదు. "ఆటలమ్మ లాంటి జబ్బు మీద" అనేదాన్ని. అది పూర్తిగా అబద్ధమేం కాదు. ఆ రెండు వైరస్‌లకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఆటలమ్మ అనగానే మా దీవిలో, మిన్నీ బేలో మా వీధి ఆడవాళ్ళు చెంపలు వేసుకుని, ఇంక ప్రశ్నలు మానేసేవారు. అసలు పేరు హెర్పిస్. ఆ పేరు విన్నవాళ్ళు సగం మంది ముఖం పక్కకు తిప్పుకుంటారు, మిగతా సగం మంది నవ్వుతారు. పెళ్ళికాని పిల్ల పొద్దస్తమానం ఆ పేరున్న వైరస్‌తో కాపురం చేస్తోందని చెప్పుకోవడానికి నాకు నోరు వచ్చేది కాదు. మెయిన్‌లాండ్‌లో, ల్యాబ్‌లో అందరి ముందూ గడగడా మాట్లాడే దాన్నే, ఓడ దిగి జెట్టీ మీద కాలు పెట్టగానే సిగ్గుతో చితికిపోయేదాన్ని.

నిజానికి అది ఊళ్ళో చాలామందికి ఉండేదే. నడుం కింద వచ్చే రకం ఒకటి, పెదవి మీద వచ్చే రకం ఇంకొకటి. నాకు సంబంధించింది ఎక్కువగా ఈ రెండోది. చిన్నతనంలో ఎవరో ముద్దు పెట్టుకుంటే అంటుకుంటుంది. అంటుకున్నాక మనిషిని వదలదు. చెంప వెనక నరాల మూలలో చడీచప్పుడూ లేకుండా పడుకుంటుంది. ఎండ దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, నిద్ర చాలకపోయినా లేచి, ఆ నరం వెంటే పెదవి మీదికి వచ్చి నీటి పొక్కులై కూర్చుంటుంది. మూతి పేలిందంటారు మన వాళ్ళు. నిద్రలో బల్లి పాకిందని కూడా అంటారు, పాపం బల్లికేమీ తెలియదు. మా అమ్మకు నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే రోజుల్లో ఏటా పేలేది. ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ ఎండలోకే పోయేది.

దీనికి మందు ఉంది, మంచి మందే. దాని పనితనం నాకు మొదట్లో భలే ముచ్చటగా ఉండేది. మందు తాళం వేసిన పెట్టెలా శరీరంలోకి వెళుతుంది. వైరస్ తన తాళంచెవితో తానే ఆ పెట్టె తీస్తుంది, తీసి లోపలి విషానికి చస్తుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడమన్నమాట. కానీ కొన్ని వైరస్‌లు ఆ తాళంచెవిని పారేసుకుంటాయి. ఇక వాటికి ఆ మందూ ఒకటే, సున్నప్పిండీ ఒకటే. అలా మందుకు లొంగనివి ఎక్కడ పుడుతున్నాయి, ఎలా బతుకుతున్నాయి అన్నది నా పని. వేరేవాళ్ళ కిడ్నీ పెట్టించుకుని, ఒంట్లో రోగనిరోధకశక్తి అణిగిపోయినవాళ్ళ పుళ్ళ నుంచి మాకు నమూనాలు వచ్చేవి. అలాంటివాళ్ళు నెలల తరబడి ఈ మందు వాడతారు కనుక, మొండివి వాళ్ళలోనే ఎక్కువ తయారవుతాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో అరుదు.

ఒకసారి వచ్చిన గొట్టం మీద వయసు రోజుల్లో రాసి ఉంది. పసిగుడ్డుది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఇది అంటుకుంటే పెదవితో ఆగదు. కాలేయానికి పోతుంది, మెదడుకు పోతుంది. ఆ గొట్టంలోది నా గిన్నెలో ఎంత మందు పోసినా చావలేదు. ఇలాంటిది దొరికిందని ఆ సాయంత్రం నేను ఉత్సాహంగా టీ తాగాను. బిడ్డ ఏమైందని అడగలేదు, అడగడం నా పని కాదనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లోనే మా తమ్ముడికి కొడుకు పుట్టాడు.

తమ్ముడు ఇంకో దీవిలో ఉన్న రంగత్‌లో బళ్ళో మాస్టారుగా చేస్తూ, అక్కడి బెంగాలీ పిల్లను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ ఆ పెళ్ళికి వెళ్ళలేదు. అవతలివాళ్ళూ మనలాగే సర్కారు ఇచ్చిన భూమిలో అడవి కొట్టుకుని స్థిరపడినవాళ్ళే, మనలాగే చేప లేనిదే ముద్ద దిగనివాళ్ళే. ఎంత చెప్పినా వినలేదు. అమ్మకు ఎంగిలి పట్టింపు జాస్తి. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగడానికి తన గ్లాసు తాను పట్టుకెళ్ళే మనిషి. అలాంటిది, మనవడు పుట్టాడనగానే మెత్తబడింది. నేను సెలవుకు వచ్చి ఉన్నాను. "పద, రంగత్ ఎల్దాం" అంది. వెండి మొలతాడు కొంది, నల్లపూసలు గుచ్చింది, డబ్బా నిండా సున్నుండలు చుట్టింది. గ్లాసు మాత్రం సంచిలో పెట్టలేదు. అది నేను గమనించాను.

అడవి దారిలో బళ్ళన్నీ గుంపుగా కదిలే కాన్వాయ్ అందుకోవాలని చీకటితోనే బస్సెక్కాం. ఎండ అమ్మ వైపే పడింది. దారి పొడుగునా వాంతులు. ఫెర్రీ మీద బస్సు సముద్రపు పాయ దాటుతుండగా "మూతి సురసురలాడతందే" అంది. చూద్దును కదా, కింది పెదవి అంచున సన్నటి పొక్కులు గుత్తిగా లేచి ఉన్నాయి. ఒక్కో పొక్కు నిండా వైరసే. నా దగ్గరున్న ఆయింట్‌మెంట్ ఇస్తే రాసుకుంది. బిడ్డను ముద్దు పెట్టుకోవద్దని అప్పుడే చెప్పాల్సింది. బస్సు నిండా జనం. అమ్మేమో పక్కనున్న ఆవిడకు "హమారా పోతా హువా" అని, మనవడు పుట్టాడని మురిసిపోతూ చెబుతోంది. ఇంటికి వెళ్ళాక చాటుగా చెబుదాంలే అనుకున్నాను.

ఆ ఇంట్లో చాటన్నది దొరకలేదు. గేటు దగ్గరే స్వాగతంగా శంఖం ఊదారు. వియ్యపురాలు అమ్మ చెయ్యి పట్టుకుని "ఆయియే దీదీ, ఆయియే" అంటూ లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. అమ్మ వాళ్ళ కప్పులో టీ తాగింది! తమ్ముడు నా వంక చూశాడు, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా వాళ్ళలో నాయనమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని నుదుట ముద్దు పెడితేనే వంశంలోకి తీసుకున్నట్టు. ఆ సంగతి తమ్ముడు వాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు. అందుకని మరదలు ఇంక ఆలస్యం చేయకుండా, నెల తిరగని బిడ్డను తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. అందరూ చూస్తున్నారు. అమ్మ వంగింది.

"అమ్మా, వద్దు!"

అరిచాను. అరవడమే కాదు, బిడ్డను ఒళ్ళోంచి లాగేసుకున్నాను. వాడు కెవ్వుమన్నాడు.

"ఏటే? నా మనవడ్ని నాను ముద్దెట్టుకోకూడదేటి?"

"నీ మూతి పేలింది కదమ్మా. పసివాడికి అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది."

"మందు రాసుకున్నాను కదే. నువ్విచ్చిందే కదా!"

మందు రాసినంత మాత్రాన ఆ పొక్కులోని వైరస్ అప్పటికప్పుడు చావదని చెప్పాను. మేం మాట్లాడుకున్న తెలుగు అవతలివాళ్ళకు అర్థం కాలేదు. మరదలు తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. బిడ్డను నా చేతిలోంచి తీసుకుని, "రహ్‌నే దో. ముఝే పతా థా" అంది. వదిలేయండి, ఇలా జరుగుతుందని నాకు తెలుసు అని. తమ్ముడు నా మీదికి వచ్చాడు. "ఇన్నాళ్ళకి అమ్మ వచ్చింది అక్కా. నువ్వేటి సేస్తన్నావ్? నీకిట్టం నేకపోతే రావడమెందుకు?"

నాకు ఇష్టం లేదట. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. కులమూ కాదు, బెంగాలీ అనీ కాదు, అమ్మకు ఉన్నది ఫలానా జబ్బు అన్నాను. ఏళ్ళ తరబడి మిన్నీ బేలో దాచుకున్న మాటను రంగత్‌లో, వియ్యాలవారి నడింట్లో పెట్టాను.

తమ్ముడి మామగారికి బజారులో మందుల షాపు. మర్యాదస్తుడు, మెల్లగా మాట్లాడతాడు. "హెర్పిస్? వో తో..." అని సగంలో ఆపేశాడు. ఆ పేరు చెప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మాత్రలు కొనుక్కునేవాళ్ళు ఆయనకు ఎదురయ్యే ఉంటారు. అమ్మ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. అమ్మ విధవ మనిషి. మా నాన్న పడవల మీద రేవు రేవూ తిరిగి, చివరికి సముద్రంలోనే పోయాడు. మామగారి చూపులో ఆ లెక్కంతా నాకు కనిపించింది.

"అది వేరు, ఇది వేరు" అని హిందీలో మొదలుపెట్టాను. పెదవిది, నడుం కిందిది, చిన్నప్పటి ముద్దు, నరాల మూల, అన్నీ చెప్పాను. గుమ్మడికాయల దొంగ అంటే నేనే భుజాలు తడుముకున్నట్టయింది. నేను విప్పి చెప్పేకొద్దీ వాళ్ళు ఇంకా ఇబ్బందిపడ్డారు. ఆయన పాపం నన్ను గట్టెక్కిద్దామనే, "దవా తో హై నా బేటీ, మేరీ దుకాన్ మే భీ హై" అన్నాడు. మందు మా షాపులోనే ఉందిగా అని. ఆ మాత్రలతో పసిబిడ్డకు పని జరగదని, పెద్దాసుపత్రిలో రోజుల తరబడి నరానికి ఎక్కించాలని, ఒక్కోసారి అదీ పనిచేయదని చెప్పాను. గొట్టం మీద రోజుల్లో రాసిన వయసు నా కళ్ళ ముందు ఉంది. అమ్మలోది మందుకు లొంగని రకం అయ్యే అవకాశం దాదాపు లేదని నాకు తెలుసు. తెలిసినా ఆపకుండా చెప్పుకుపోయాను.

అప్పుడు వియ్యపురాలు, ఎవరి మనసూ నొప్పించాలని కాదు, మనవడి మీది భయంతోనే, అమ్మ తాగిన కప్పును రెండు వేళ్ళతో తీసి, మిగతా కప్పుల్లో కలపకుండా గుమ్మం అవతల పెట్టింది.

అమ్మ చూసింది. తెచ్చిన మొలతాడు మంచం మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. భోజనానికి ఉండలేదు. తిరుగు బస్సులో నేను మాట్లాడిస్తే కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చుంది. నాకు సిగ్గుగా ఉంది. మా జబ్బు బయటపడినందుకు సిగ్గు, అమ్మను నలుగురిలో నిలబెట్టినందుకు సిగ్గు. అన్నిటికంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆ పక్కన కూర్చునే, పొక్కులు పగిలి చెక్కు కట్టకముందే నమూనా తీస్తే ల్యాబ్‌లో వైరస్ బాగా పెరుగుతుందన్న ఆలోచన నాకు వచ్చింది.

పిల్లవాడికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్ల నేను చేసింది సరైనదని ఎవరికీ రుజువు లేదు. ముద్దు పెట్టుకున్నా ఏమీ కాకపోయేదేమో, అదీ నాకు తెలియదు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ లాక్కుంటాను, అది మాత్రం తెలుసు. కొన్ని నెలలకు మరదలే బిడ్డను ఎత్తుకుని మిన్నీ బే వచ్చింది. రాకపోకలు కుదురుకున్నాయి. వాడిప్పుడు నాకంటే పొడుగు.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ వారంలో జరిగింది. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి అమ్మ తన కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. తోముకోవడం కూడా విడిగానే. అక్కర్లేదమ్మా అంటే వినిపించుకోలేదు. ఒక మధ్యాహ్నం పెరట్లో చేపలు తోముతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఇది నాకు మీ నాన్న దగ్గర్నుంచి వొచ్చిందేటి?"

ఆ వారమంతా ఆవిడ పోయిన మొగుణ్ణి మనసులో నిలదీస్తోందని అప్పుడు తెలిసింది. "కాదమ్మా, కాదు. నీకు ఊహ తెలియకముందే వచ్చుంటుంది. చిన్నపిల్లవని ఎవరో ముద్దు పెట్టుకుని ఉంటారు" అన్నాను.

అమ్మ కత్తి ఆపింది. "నన్నెవులు ముద్దెట్టుకుంటారే?"

అమ్మను కన్న తల్లి, అమ్మ పాకే వయసులోనే పోయింది. తాత ఆ పిల్లను చంకనేసుకుని, దీవుల్లో భూములిస్తారని కదిలిన సెటిల్మెంట్ వాళ్ళతో ఓడెక్కాడు. ఆయన చేపల వేటకు పోతే ఈవిడ వాళ్ళింటా వీళ్ళింటా పెరిగింది. అమ్మకు తన తల్లి ముఖం తెలియదు. ఫోటో లేదు, చీర పేలిక లేదు.

"మాయమ్మ అయ్యుంటాదా?" అంది.

ఔననడానికి ఎంతసేపు? కానీ నా నోటికి చదువు అడ్డం పడింది. "తెలీదమ్మా. ఎవరైనా కావచ్చు. చెప్పడానికి లేదు" అన్నాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

అమ్మకు నా మాట వినిపించినట్టు లేదు. చేప పొలుసు అంటిన చెయ్యి కడుక్కుని, పెదవి మీది చెక్కును వేలితో నెమ్మదిగా తడిమి చూసుకుంది. ఆ వారంలో నోటికి కొంగు అడ్డం లేకుండా నా వైపు చూడడం అదే మొదలు.

"అయితే ముద్దెట్టుకుందన్నమాట" అంది.