డ్రాయింగుల వెనక రాతలు

“దాన్ని అబద్ధం అనకు తమ్ముడూ. అబద్ధం ఆడాలన్నా కాస్త గుండె కావాలి. నాకది లేకే సున్నా రాశాను.”

బీరువాలక్క ఆ మాట అని, ఎడమ మోకాలి మీదున్న వేడినీళ్ళ గుడ్డ తీసి కుడి మోకాలి మీద వేసుకుంది. కింద వాటాలో ఉండే మనిషి ఎదురుగా స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. మెట్ల మీద చతికిలబడిపోయిన ఆవిడని గంట క్రితం అతనే చెయ్యిపట్టి పైకి తీసుకొచ్చాడు. పొద్దున్నుంచీ ఎక్కడెక్కడ తిరిగారని అడిగినందుకు ఆవిడ ముప్ఫయ్యొక్క ఏళ్ళు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టింది.

నగరంలో సగానికి గ్యాసూ కరెంటూ ఇచ్చే కంపెనీలో ఆవిడ రికార్డు రూము చూసుకునేది. రూమంటే నేలమాళిగ. నలభై రెండు ఇనప బీరువాలు, డ్రాయింగులు మడత పడకుండా పరిచే వెడల్పాటి సొరుగులు, చెమ్మ లాగే మిషను ఒకటి, టీ ఫ్లాస్కు ఒకటి. ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆవిడ రిజిస్టరు తెరిచేది కాదు, సరాసరి బీరువా తెరిచేది. అందుకే ఆ పేరు. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో ఇంటికొచ్చినవాళ్ళకి తనని తాను నలభై మూడో బీరువా అని పరిచయం చేసుకునేవాడు. తన తాళంచెవి మాత్రం ఆవిడ పెళ్ళిరోజే ఎక్కడో పెట్టి మరిచిపోయిందనేవాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆవిడకి అసలు పని నేర్పినవాడు ఆఫీసరు కాదు, గ్యాసు పైపులు వేసే ముఠాకి పెద్దమేస్త్రీ. బురద బూట్లతో లోపలికొచ్చి, ఒక డ్రాయింగు తీయమన్నాడు. ఇందులో పైపు రోడ్డుకి ఈ పక్కన ఉందమ్మా, కానీ తవ్వితే బండ తగిలింది, ఆ పక్కకి జరిపి వేశాం అన్నాడు. మరి డ్రాయింగు దిద్దించమంటే నవ్వాడు. దిద్దాలంటే మూడు సంతకాలు కావాలి, మూడో సంతకం పడేలోగా నేను రిటైరవుతాను, పైపుకి తుప్పు పడుతుంది, వెనకవైపు రాసుకో అన్నాడు.

అదీ పెన్సిల్‌తోనే. అదీ సన్నగా. అప్పట్లో డ్రాయింగులకి నకలు తీయాలంటే కాగితం గుండా వెలుతురు పంపేవారు. వెనక గట్టిగా ఏం రాసినా నకలులో ముందుకొచ్చి కూర్చుంటుంది. ఇంజనీరు చూసి ఇదెవరు రాశారంటే ముఠా మొత్తానికి మూడుతుంది. అందుకని గట్టి ములుకున్న పెన్సిల్‌తో, చీమ నడిచినట్టు రాసేది. తవ్వడానికి వెళ్ళే ప్రతి ముఠా ముందు ఆవిడ దగ్గరికొచ్చి నకలు తీసుకోవాలి. ఆవిడ నకలు చేతికిచ్చి, అసలు కాగితం తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని, వెనక ఒక మాటుంది విని వెళ్ళండి అని చదివి వినిపించేది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఏ ముఠా గునపమూ ఏ పైపుకీ తగల్లేదు. జరగనిదాని మీద ఎవరూ రిపోర్టు రాయరు గనక ఆ సంగతి పైనున్న ఎవరికీ తెలియదు.

తర్వాత కాగితాల పని బయటివాళ్ళకి ఇచ్చేయాలని కంపెనీ అనుకుంది. మనం అమ్మేది గ్యాసు, కాగితాలు కాదు అని పెద్దాఫీసరు మీటింగులో చెప్పాడట. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తరఫున ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వచ్చిన రోజునుంచీ అట్టపెట్టెలకి బార్‌కోడు గీతల చీటీలు అంటించడమే పని గనక అందరూ పెట్టెల సారు అనేవారు. ఏనాడూ గొంతు పెంచలేదు, టీ తాగితే కప్పు తనే కడిగి బోర్లించేవాడు. అలాంటివాణ్ణి చూసి ఎవరు భయపడతారు?

ఆ పెట్టెల సారే పదకొండు పేజీల ఫారం తెచ్చాడు. అందులో ఏడో ప్రశ్న, రెండు వైపులా సమాచారం ఉన్న డ్రాయింగులు ఎన్ని అని. ఆవిడ పెన్ను ఆగింది. పక్కనే తన ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఆరొందలని రాస్తే, వెనక రాసిందెవరు, ఎవరి అనుమతితో రాశారని అడుగుతారు. పెద్దమేస్త్రీ పోయాడుగానీ ఆయన చేతికింద పనిచేసినవాళ్ళు నలుగురు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా ఆవిడ కిక్కురుమనకుండా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టింది. పెట్టెల్లోకి వెళ్తే వెళ్ళాయి, కాగితాలు ఎక్కడికి పోతాయి, అవసరం వచ్చినప్పుడు నేను చెబుతాను కదా అనుకుంది. తొమ్మిదో పేజీ చదవలేదు. స్కానింగు మిషనుతో కంప్యూటరులోకి ఎక్కించిన తొంభై రోజులకి అసలు కాగితాలు ముక్కలు చేస్తామని అందులో ఉంది.

ఆవిడకి ఒక కొడుకు. లారీ నడుపుతాడు, నెలలో సగం రోడ్ల మీదే. కోడలికి ఆ కాంట్రాక్టు కంపెనీ కొత్త గోడౌనులోనే, కాగితాలు మిషనుకి అందించే ఉద్యోగం దొరికింది. అత్త కట్టిన పెట్టెలు కోడలు విప్పుతోందని ఇంట్లో నవ్వుకున్నారు కూడా. ఆవిడ రిటైరై అప్పటికి ఆరు నెలలు. ఒక రోజు అన్నాల దగ్గర కోడలు చేతులు నొక్కుకుంటూ, మీ డ్రాయింగులు ఎత్తీ ఎత్తీ పోయిన భుజాలు ఇంకా తేరుకోలేదత్తయ్యా, ఒక్కొక్కటీ దుప్పటంత ఉండేది, వెనకవైపు తిప్పే పని లేదు గనక బతికిపోయాను అంది.

ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

“ఒక్కటీ తిప్పలేదా?”

“ఫారంలో మీరే సున్నా అన్నారుగా. అయినా మొదట్లో ఒకటి రెండు తిప్పి పెట్టి చూశాను. మిషను ఖాళీ కాగితం అని దానంతటదే తీసేసింది. ఏవో సన్న గీతలు కనబడ్డాయిగానీ, పాత కాగితం కదా, మురికనుకున్నాను.”

“అవి ఇప్పుడెక్కడున్నాయి?”

“ముక్కలైపోయాయత్తయ్యా. పోయిన నెల్లోనే.” అత్త మొహం చూసి కోడలు గొంతు తగ్గించింది. “ఏమైంది? నేనేమన్నా తప్పు చేశానా?”

నువ్వు కాదమ్మా అని ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు పొద్దున్నే బస్సు మారి గోడౌనుకి వెళ్ళింది. కిటికీ అన్నదే లేని కట్టడం. లోపల చలి. నేలనుంచి కప్పుదాకా ఒకేలాంటి పెట్టెలు, వాటి మీద అంకెలే తప్ప మాటలు లేవు. ఫలానా పెట్టెలో ఏముందని అక్కడ పనిచేసేవాళ్ళనెవర్ని అడిగినా మిషను చెబుతుందన్నారు. తన నేలమాళిగలో కాగితాల వాసన ఉండేది, ఇక్కడ ఏ వాసనా లేదు. పెట్టెల సారు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఆవిడ జరిగిందంతా దాచకుండా చెప్పింది. అతను చివరిదాకా విని ఒక కాగితం చూపించాడు. ఎన్ని కిలోల డ్రాయింగులు ఏ తేదీన ముక్కలయ్యాయో అందులో ఉంది. చాలా శుభ్రంగా చేశాం మేడమ్ అన్నాడు. ఆ తర్వాత ఫారం తెచ్చి ఏడో ప్రశ్న దగ్గర వేలు పెట్టాడు.

“ఇది మీ సంతకమే కదా మేడమ్?”

కసిరినా బాగుండేది. అలా మెత్తగా అడిగేసరికి ఆవిడకి మొదటిసారి అతన్ని చూసి భయమేసింది.

అక్కడినుంచి తన పాత కంపెనీకి వెళ్ళింది. రికార్డు రూములో బీరువాలు లేవు, అవి ఆనుకున్న చోట గోడల మీద నలభై రెండు తెల్లటి ఆకారాలున్నాయి. పైన కూర్చున్న కొత్త ఇంజనీరు మంచివాడే. కంప్యూటరు ఆవిడవైపు తిప్పి, చూడండమ్మా, పాత కాగితంలో కంటే ఎంత స్పష్టంగా ఉందో అన్నాడు. నీలం గీత నిజంగానే చాలా స్పష్టంగా ఉంది. వీధి పొడుగునా ఎక్కడా వంకర లేకుండా, లేనిచోట ఉంది. ఆవిడ ఫిర్యాదు రాయించుకుని ఒక నంబరు ఇచ్చారు. పదిహేను పనిదినాల్లో జవాబు వస్తుందన్నారు. ముందుగా తవ్వబోయేది ఎక్కడని అడిగితే, మిల్లు వెనక వీధిలో, కొత్త పైపు కోసం, ఐదు రోజుల్లో అన్నారు.

మూడు రోజులు ఆవిడ గుమ్మం దాటలేదు. నోటుపుస్తకం ముందేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో సొరుగూ మనసులోనే లాగి, ఒక్కో డ్రాయింగూ తిరగేసింది. ఆవిడ చెబుతుంటే కోడలు డ్యూటీనుంచి వచ్చి రాసిపెట్టింది. ఈ సంగతి నా ద్వారా బయటపడిందన్నా ఫరవాలేదత్తయ్యా, ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి అంది. ఆ పిల్ల అలా అన్నందుకు ఆవిడకి ఏడుపొచ్చింది. ఆరొందల్లో గుర్తొచ్చినవి యాభై మూడు. మిగతావి రాసినట్టు వేళ్ళకి గుర్తుందిగానీ, ఏం రాసిందో గుర్తులేదు. ఇవాళ బయటికొస్తే దారి పొడుగునా నేలనే చూసుకుంటూ నడిచింది. పిల్లలు గెంతుతున్నచోట నిలబడిపోయింది. ఏ వీధి కింద ఏముందో ఇన్నాళ్ళూ ఒక్క తనకే తెలుసు, ఇప్పుడు తనకీ తెలియదు.

ఆ యాభై మూడింటిలో మిల్లు వెనక వీధి ఉంది. వెనక రాత అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘బండ తగిలింది. పైపు కుడివైపుకి తిప్పాం. రొట్టెల బట్టీ గోడకి ఆనుకుని, మోకాలి లోతు.’

ఇవాళ పొద్దున ఆవిడ అక్కడికే వెళ్ళింది. రోడ్డు మీద సున్నంతో గీతలు గీసేశారు. ఎడమవైపు పాత పైపు ఉందని ఒక గీత. దానికి దూరంగా ఉండాలని, తవ్వే చోటుకి గుర్తు కుడివైపు, బట్టీ గోడ పక్కనే పెట్టారు. తవ్వే మిషను అప్పటికే వచ్చి నిలబడి ఉంది. దాని తొట్టి పళ్ళు సరిగ్గా ఆ గోడ పక్కన నేలని ఆనుకుని ఉన్నాయి. గోడ ఇవతల ఆ పళ్ళు, అవతల పగలూ రాత్రీ ఆరని పొయ్యి.

కాపలా మనిషి తాడు దాటనివ్వలేదు. తవ్వే ముఠా మేస్త్రీ సాయంత్రం ఐదింటికిగానీ రాడన్నాడు. బట్టీ యజమానికి చెబితే పిండి చేతులు దులుపుకుని నవ్వాడు. రేపొక్క పూట పొయ్యి ఆర్పు నాయనా అని బతిమాలింది. నా పెళ్ళాం పోరుతోనే ఆరని పొయ్యి మీ మాటకి ఆరుతుందా అమ్మా అన్నాడు. గోడకి చెప్పుకుంటే ఆ గోడైనా వినేదేమో. మధ్యాహ్నందాకా బట్టీ మెట్టు మీదే కూర్చుంది. అరికాళ్ళ కింద మెట్టు గోరువెచ్చగా ఉంది. ఐదింటిదాకా ఉందామనుకుంది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఎలాగో బస్సెక్కి ఇంటిదాకా వచ్చి, మెట్ల దగ్గర కూలబడింది. కోడలు డ్యూటీలో ఉంది. గోడౌనులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు.

చెప్పడం అయ్యాక బీరువాలక్క గోడ గడియారం వైపు చూసింది. నాలుగుంబావు. దిండు కిందనుంచి నోటుపుస్తకం తీసి, ఒక పేజీ జాగ్రత్తగా చింపి, కింద తన పేరూ ఇంటి అడ్రసూ రాసి సంతకం చేసింది. ఆ కాగితం అతని చేతిలో పెట్టింది.

“రేపు పొద్దున ఏడింటికి మిషను స్టార్టు చేస్తారు తమ్ముడూ. ఇవాళ ఐదింటికి వచ్చే మేస్త్రీ ఒక్కడే మనకి దిక్కు. నువ్వు ఆఫీసు మాట ఎత్తకు, కంప్యూటరు తప్పు అనకు. అంటే వాళ్ళ పైవాళ్ళకి ఫోను చేస్తాడు, వాళ్ళు నీలం గీత చూసి కానీయమంటారు. మట్టిలో పనిచేసేవాడికి మట్టి మాటే చెప్పు. ఆ గోడ పక్కన ఒక్క మోకాలి లోతు, మిషను లేకుండా, పారతో మెల్లగా తవ్వి చూడమను. ఏమీ తగలకపోతే ముసలిదానికి మతిపోయిందని నలుగురిలో నవ్వుకోమను, నేనేం అనుకోను. ఎవరు పంపారని అడిగితే ఈ కాగితం ఇయ్యి. వాడు పార పట్టి తవ్వేదాకా నువ్వు అక్కడినుంచి కదలకు, తిట్టినా కదలకు. లే నాయనా, బస్సుకి వేళవుతోంది.”