సాలమ్మ మగ్గం దగ్గర చెప్పులు విప్పాలి

కరోనా తగ్గి అంగన్‌వాడీలు మళ్లీ తెరిచిన సంవత్సరం అది. ఎర్రగుంట్లకు అవతల, మగ్గాలున్న ఊళ్లో మా సెంటర్. నేను అక్కడ ఆయాను. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకురావడం, వండడం, ఊడ్చడం నా పని. ప్రీస్కూల్ అంటే ఆటపాటల చదువు. అది టీచరమ్మ పని, ఆమె మీటింగుకు పోతే అదీ నాదే.

ఆ ఏడు చౌడేశ్వరి కొత్తగా చేరింది. మూడేళ్లు దాటినా ఒంట్లో కండ లేదు. రోజూ పాలు, గుడ్డు పడితే తేరుకుంటుందని నా ఆశ. ఆ పిల్లేమో గడప దగ్గరే బిగుసుకుపోయింది. లోపల కిటికీ మూలన సాలెపురుగు ఉంది మరి.

"అది ఉచ్చ పోస్తే ఒళ్లంతా పొక్కులొస్తాయంట. మా జేజి చెప్పింది."

మా వైపు అందరూ అనే మాటే అది. గూడు దులిపేశాను. తెల్లారేసరికి పురుగు మళ్లీ కట్టింది, పిల్ల మళ్లీ ఇంటికి పరిగెత్తింది. వాళ్లమ్మ వచ్చి వాపోయింది.

"అక్కా, బిడ్డ కాళ్లకు అడ్డం పడతాంటే నేను పని జేసేదెట్ల?"

మరునాడు పిల్లను ఒళ్లో పెట్టుకుని గడపలోనే కూర్చున్నాను.

"మీ నాయన యాడ కూచుంటాడు మే?"

"మగ్గం గుంతలో." నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంత అది.

నేను సాలెపురుగును చూపించాను. "ఈయమ్మకు గుంత లేదు. గాల్లోనే మగ్గం. మీ నాయన నూలు కొనుక్కొస్తాడు, ఈయమ్మ కడుపులోంచే తీస్తాది. పేరు సాలమ్మ."

ఏడుపు ఆగింది. లోపలి పిల్లలు దాని కాళ్లు లెక్కబెట్టారు. ఎనిమిది.

"అన్నిటికీ పట్టీలేసుకుంటాదా?" అంది చౌడేశ్వరి.

"ఏసుకుంటే ఆ గల్లుగల్లుకు దోమలు పారిపోవా? ఇంగ కూడెట్ల?"

పిల్లలు పడీపడీ నవ్వారు. చౌడేశ్వరికి మాత్రం అనుమానం తీరలేదు.

"మరి ఉచ్చ?"

"మగ్గం మింద ఎవురన్నా పోస్తారా మే?"

"మా తమ్ముడు పోసినాడు!"

"సాలమ్మ నీ తమ్ముని కంటే పెద్దదిలే. మీ ఇంట్లో నూలు ముడతావా నువ్వు?" అన్నాను.

"ముట్టను. నాయన తిడ్తాడు."

"దీన్నీ ముట్టొద్దు. అంతే."

నా చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ రోజు గుడ్డు మొత్తం తినింది.

కొన్నాళ్లకు తనిఖీకి సూపర్‌వైజరమ్మ వస్తుందని కబురొచ్చింది. మూలలు దులపమంది టీచరమ్మ. నేను చీపురు ఎత్తగానే చౌడేశ్వరి అడ్డం నిలబడింది.

"చీర తెగుతాది! ఇంగా సగమే ఐండాది."

దులిపితే పిల్ల రేపటి నుంచి రాదు. దులపకపోతే నాకు చీవాట్లు తప్పవు. చీపురు దించేశాను.

సూపర్‌వైజరమ్మ వస్తూనే మూలకేసి చూసి, "ఇదేనా శుభ్రం?" అంది. నేను నోరు తెరిచేలోపే చౌడేశ్వరి ఆమె కొంగు లాగింది.

"మేడమ్, చెప్పులిడిసి రా! ఈడ మగ్గం నడుస్తాండాది."

నేసేవాళ్ల ఇళ్లలో మగ్గం దగ్గరికి చెప్పులతో పోరు. ఆమె ఒక్క క్షణం తన కాళ్లవైపు చూసుకుంది. బయటికి పోయి, చెప్పులు విప్పి వచ్చి పిల్ల పక్కన కూర్చుంది.

"చీర నాకేనా?"

"నీకి గాదు, దోమలకి."

ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్క మూల వదిలి మిగతావి దులపమంది.

భయం వద్దని ఎంత చెప్పినా పసిపిల్లలకు భయం పోదని నాకప్పుడు తెలిసింది. వాళ్లింటి పని ఆ పురుక్కి అప్పజెబితే, అది వాళ్ల మనిషైపోతుంది. ఇప్పుడు కొత్త బిడ్డ గడపలో ఏడిస్తే ముందు వాళ్ల నాయన ఏం పని చేస్తాడో అడుగుతాను. మొన్న సిమెంటు లారీ డ్రైవరు కొడుకు వచ్చాడు. వాడికి చెప్పిన కథలో సాలమ్మ దోమల లోడు మీద టార్పాలిన్ పట్టా కప్పి తాళ్లు బిగించింది.