గెంగ్ తాత సందేహాలు

మా ఊరి ఉమ్మడి సేద్యపు బ్రిగేడ్ పందుల్ని మేపే గెంగ్ తాతకి సందేహాల పిచ్చి. అవన్నీ దేశాన్నేలే ఛైర్మన్ ఆలోచన మీదే. పొద్దున్నే గంజి చల్లారిపోయినా సరే, ఛైర్మన్ ఆలోచన ప్రకారం తప్పు గంజిదా, గిన్నెదా అని అడిగేవాడు.

"నీ సందేహాలు ఆ పందులకి పెట్టు, కాస్త ఒళ్ళు చేస్తాయి" అనేది వాళ్ళావిడ.

"పెట్టి చూశానే. అవీ తేల్చలేకపోయాయి."

పొలంలో నడుం విరగ్గొట్టుకుని, ఆకలితో రాత్రి సభకొచ్చి కూర్చుంటే ఈయన చెయ్యెత్తేవాడు. ఛైర్మన్ ఆలోచన నేర్చుకుంటానన్నవాణ్ణి కూర్చోమనే ధైర్యం ఎవరికుంది? అన్నవాడే మర్నాటికి ద్రోహి. పళ్ళు నూరుకుంటూ వినేవాళ్ళం. నేను ఆయనతో పాటే పందుల దొడ్డిలో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు పగలు కూడా తప్పేది కాదు.

ఆ చలికాలం ఏటి అవతల ఊళ్ళో ముసలి వైద్యుణ్ణి జిల్లావాళ్ళు ద్రోహి అంటూ సభలో నిలబెట్టి కొట్టారు. తలుపుచెక్క మీద ఇంటికి మోసుకొచ్చారు. తెల్లారేసరికి పోయాడు.

తర్వాత వంతు మా ఊరిది. బడి పంతులమ్మ రాన్ పాత పేపర్లో ఉప్పుచేప చుట్టింది. వెనకవైపు ఛైర్మన్ ఫోటో ఉంది. చేపనూనె సరిగ్గా ముఖం మీదకే దిగింది. ఎవరో ఆ సంగతి పైవాళ్ళకి చేరేశారు.

మధ్యాహ్నం పడవలో జిల్లా నుంచి ముగ్గురు దిగారు. నాలుగింటికి ఆఖరి పడవ, ఆలోపు పని ముగించాలన్నారు. కళ్ళంలో రాన్‌ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నెత్తిన కాగితం టోపీ పెట్టారు. మేమందరం సిగ్గులేకుండా నేల చూస్తున్నాం. ఆ ముగ్గురిలో ఒకడు కర్ర అందుకున్నాడు.

గెంగ్ తాత చెయ్యెత్తాడు.

"కామ్రేడ్లూ, నాకో సందేహం. అది తీరందే ఈవిణ్ణి మనసారా అసహ్యించుకోలేను."

"త్వరగా అడుగు తాతా."

"పందుల్లో వర్గాలుంటాయా?"

"ఉండవు" అన్నాడు ముగ్గురిలో పెద్దవాడు.

"ఎందుకుండవు? ఛైర్మన్ ఆలోచన అన్నిటికీ వర్తిస్తుంది. కాదంటావా?" అన్నాడు వాళ్ళలోనే ఒక కళ్ళద్దాలవాడు.

పెద్దవాడి ముఖం పాలిపోయింది. "కాదని నేనెప్పుడన్నాను?"

"మా దొడ్లో ఒకటుంది" అన్నాడు గెంగ్ తాత. "పనిచెయ్యదు, అందరి తిండీ అదే తింటుంది. అంటే భూస్వామే కదా? దాన్నే బాగా మేపమని బ్రిగేడ్ ఆర్డరు. మరి ఇన్నాళ్ళూ నేను భూస్వామిని మేపుతున్నానా?" కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

ముగ్గురూ కొట్టుకు చచ్చేదాకా వచ్చారు. కర్ర నేలమీద పడింది, ఎవరూ తీయలేదు. ఏటి ఒడ్డు నుంచి పడవ కూత వినబడింది. తప్పు ఒప్పుకుంటూ రాసి పంపమని రాన్‌తో అనేసి, పంది గురించి అరుచుకుంటూనే రేవుకి పరిగెత్తారు.

రాన్‌ని ఇంట్లో దిగబెట్టి దొడ్డికొచ్చాక అడిగాను.

"ఇంతకీ ఆ పంది భూస్వామా, కూలీనా తాతా?"

"నాకేం తెలుసురా? పడవ నాలుగింటికని మాత్రం తెలుసు." పంది వీపు గోకాడు. "వాళ్ళు మళ్ళీ వస్తారు. నీ దగ్గర సందేహాలేమైనా ఉంటే ఇటు పారెయ్. నావి అయిపోవస్తున్నాయి."